మానిటర్ లేని లినక్స్ సర్వర్, పలకని సీరియల్ కన్సోల్: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఉంటాను. ఇక్కడి నుంచి జమ్మికుంట, పరకాల, నర్సంపేట దాకా పత్తి మిల్లుల్లో, కాలేజీల్లో, చిన్న ఆఫీసుల్లో బీరువా వెనకో మెట్ల కిందో పెట్టి మర్చిపోయిన లినక్స్ సర్వర్లు చూసుకోవడం నా పని. వాటికి మానిటర్ ఉండదు, కీబోర్డు ఉండదు. నెట్‌వర్క్ ఉన్నన్నాళ్లూ వాటి సంగతి ఎవరికీ పట్టదు, అది పోయిన రోజు మాత్రం వెనకున్న తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టే దిక్కు, దానికి ల్యాప్‌టాప్ తగిలించి మాట్లాడాలి. అదీ పలకకపోతే నాకు ఫోన్ వస్తుంది. అడిగిందే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. కమాండ్లన్నీ పలికినట్టు తెలుగులోనే రాశాను, టైప్ చేసేది మాత్రం మామూలు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. టీటీవైఎస్0 (సర్వర్ మొదటి సీరియల్ పోర్టు పేరు)లో ఎస్, టీటీవైయూఎస్‌బీ0 (యూఎస్‌బీ అడాప్టర్ పోర్టు పేరు)లో యూఎస్‌బీ పెద్ద అక్షరాలు, మిగతా తేడాలు వచ్చినచోట చెబుతాను.

కేబుల్ పెట్టాను, తెర అంతా నలుపే, ఒక్క అక్షరం రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒకసారి ఎంటర్ కొట్టండి. నవ్వకండి, నాకొచ్చే ఫోన్లలో చాలావాటికి ఇదే మందు. లాగిన్ అడిగే ప్రోగ్రాం, అంటే గెట్టీ, తన మాట ఒక్కసారే చెప్పి ఊరుకుంటుంది. అది చెప్పినప్పుడు మీ కేబుల్ ఇంకా బ్యాగులోనే ఉంది.

ఎంటర్‌కీ పలకకపోతే సెట్టింగుల జోలికి అప్పుడే వెళ్లకండి. సీరియల్ కన్సోల్ అని మనం ఒక పేరుతో పిలుస్తాం గానీ ఆ తీగ మీద నలుగురు వంతుల వారీగా మాట్లాడతారు. మొదట బయాస్ (బోర్డును లేపేది), తర్వాత గ్రబ్ (లినక్స్‌ను లోడ్ చేసేది), తర్వాత కెర్నల్ (లినక్స్ గుండెకాయ), చివర గెట్టీ. ఒకరి సెట్టింగు ఇంకొకరికి పట్టదు. కాబట్టి సర్వర్‌ని ఆపి, ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెర తెరిచి పెట్టుకుని, పవర్ ఇచ్చిన క్షణం నుంచి చూడండి. ఎవరు మాట్లాడారు, ఎవరి దగ్గర ఆగింది? బయాస్ అక్షరాలు శుభ్రంగా వచ్చి గ్రబ్ దగ్గర ఆగితే కేబుల్, పోర్టు, బయాస్ వేగం మూడూ బాగున్నట్టే, వాటిని ముట్టుకోవద్దు. నలుగురిలో ఒక్కరూ పలకకపోతే తప్పు ఎక్కువగా కేబుల్‌లోనో, యూఎస్‌బీ అడాప్టర్‌లోనో, వేరే పోర్టుకు గుచ్చడంలోనో ఉంటుంది. ఈ ఒక్క పరిశీలన చేయకుండా అన్ని ఫైళ్లూ మార్చేసి, ఆ తర్వాత ఫోన్ చేసేవాళ్లతోనే నాకు సగం రోజు పోతుంది.

కేబుల్ బాగుందో లేదో ఎలా తేల్చాలి?

సర్వర్ వైపు పిన్నుల్లో 2 వినేది, 3 మాట్లాడేది, 5 గ్రౌండ్. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద కూడా అంతే. కాబట్టి నేరుగా తీసిన కేబుల్ వేస్తే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, రెండో తీగ మీద ఇద్దరూ వింటారు. 2, 3 అడ్డంగా మార్చిన కేబుల్ కావాలి, దాన్నే నల్ మోడెమ్ కేబుల్ అంటారు. షాపులో అడిగితే మామూలు ఎక్స్‌టెన్షన్ కేబుల్ చేతిలో పెడతారు, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మల్టీమీటర్‌తో ఒక చివర 2, రెండో చివర 3 కలుస్తున్నాయా అని బీప్ పెట్టి చూసి కొనండి.

మీ వైపు సరుకు బాగుందా అన్నది ఇంకా సులువు. సర్వర్ నుంచి కేబుల్ తీసేసి, ఆ చివర 2, 3 పిన్నుల్ని చిన్న తీగ ముక్కతో కలపండి. టెర్మినల్లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అవతలివైపు సరే అంటేనే అక్షరాలు పంపే పద్ధతి) ఆపి ఏదైనా టైప్ చేయండి. కొట్టిన అక్షరం తిరిగి తెర మీద కనబడితే అడాప్టర్, కేబుల్, డ్రైవర్ అన్నీ బాగున్నట్టు. తీగ తీసేస్తే అక్షరాలు ఆగిపోవాలి, అది కూడా చూడండి, లేకపోతే లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని టెర్మినల్ తనే చూపించడం) ఆన్‌లో ఉండి మిమ్మల్ని మోసం చేస్తోందన్నమాట.

మా వైపు ఇంకో సంగతి ఉంది. పత్తి మిల్లులో పోర్టుకు ఎప్పుడూ మూత ఉండదు, దూది నూగు పిన్నుల చుట్టూ చుట్టుకుని, దాని మీద దుమ్ము పడి గట్టిగా తయారవుతుంది. కనెక్టర్ సగమే దిగుతుంది, స్క్రూలు బిగవవు, గ్రౌండ్ పిన్ను ఒకసారి తగిలి ఒకసారి తగలదు. పళ్లు తోముకునే పాత బ్రష్ ఒకటి నా కిట్‌లో ఎప్పుడూ ఉంటుంది.

యూఎస్‌బీ అడాప్టర్ పెట్టాను, ల్యాప్‌టాప్‌లో పోర్టే కనిపించడం లేదు.

పెట్టిన వెంటనే డీమెసేజ్ (కెర్నల్ మాటలు చూపే కమాండ్, టైప్ చేసేది డీ-ఎం-ఈ-ఎస్-జీ) చూడండి. ఎఫ్‌టీడీఐ, సీహెచ్340, పీఎల్2303, సీపీ2102 చిప్పులకు డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉన్నాయి, /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 అని రావాలి. వచ్చిన మరుక్షణం డిస్‌కనెక్టెడ్ అని పడి, అదే లైన్ల దగ్గర బీఆర్ఎల్‌టీటీవై అనే పేరు కనిపిస్తే మీది బహుశా ఉబుంటు 22.04, అడాప్టర్ సీహెచ్340. అది చూపులేని వాళ్ల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న ప్రోగ్రాం, ఈ చిప్పును చూసి తన పరికరమే అనుకుని లాక్కుంటుంది. బ్రెయిలీ పరికరం వాడనివాళ్లు ఆ ప్యాకేజీ తీసేస్తే సరి.

పోర్టు ఉంది గానీ పర్మిషన్ డినైడ్ అంటే, డెబియన్, ఉబుంటుల్లో మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. ఆర్చ్‌లో ఆ గ్రూపు పేరు యూయూసీపీ.

అక్షరాలు వస్తున్నాయి కానీ అన్నీ పిచ్చి గీతలు, ప్రశ్న గుర్తులు.

వేగం కుదరలేదు. 115200 పెట్టి చూడండి, కాకపోతే 9600, ఆ తర్వాత 38400, 57600. నెట్‌వర్క్ స్విచ్‌లు ఎక్కువగా 9600 మీద ఉంటాయి, సర్వర్లు 115200 మీద. రాక్‌చిప్ చిప్పున్న చిన్న బోర్డులు కొన్ని 1500000 మీద మాట్లాడతాయి, అంత వేగం అన్ని అడాప్టర్లూ అందుకోలేవు.

బయాస్ బాగా కనిపించి, కెర్నల్ మొదలవగానే గీతలు పడితే ఇద్దరికీ వేరే వేరే వేగాలు ఇచ్చారు. నలుగురికీ ఒకే వేగం పెట్టుకోవడం మంచిది.

ఏ వేగం పెట్టినా గీతలే వస్తున్నాయంటే ఆగండి, ఇది వేగం సంగతి కాకపోవచ్చు. తొమ్మిది పిన్నుల పోర్టు ఆర్ఎస్-232, దాని మీద సున్నాకు అటూ ఇటూ 3 నుంచి 15 వోల్టులు తిరుగుతాయి. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డుల మీద ఉన్న పిన్నులు 3.3 వోల్టులవి, పైగా వాటిలో సంకేతం తలకిందులుగా ఉంటుంది. ఆ బోర్డుకు ఆర్ఎస్-232 అడాప్టర్ తగిలిస్తే గీతలతో పోదు, బోర్డే పోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై కోసం 3.3 వోల్టుల యూఎస్‌బీ టీటీఎల్ కేబుల్ విడిగా కొనండి. 6వ పిన్ను గ్రౌండ్, 8 మాట్లాడేది, 10 వినేది. కేబుల్లో ఉండే ఎర్ర తీగ, అంటే 5 వోల్టులది, దేనికీ తగిలించకుండా టేపు చుట్టి పక్కన పెట్టండి. కాన్ఫిగ్.టెక్స్ట్‌లో ఎనేబుల్_యుఆర్ట్=1 లేకపోతే చాలా మోడళ్లలో ఆ పిన్నులు మూగవే.

అన్నీ చదవగలుగుతున్నాను, కానీ టైప్ చేస్తే సర్వర్‌కి వెళ్లడం లేదు.

మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రాం వాడుతున్నారా? అందులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. మూడు తీగల కేబుల్లో ఆ సంకేతం మోసే తీగే లేదు, కాబట్టి అవతలి వాడు సరే అనేదాకా మినీకామ్ అక్షరాలు పంపకుండా పట్టుకుని కూర్చుంటుంది. కంట్రోల్-ఏ కొట్టి ఓ, సీరియల్ పోర్ట్ సెటప్, అందులో ఎఫ్, దాన్ని నో చేసి సేవ్ చేయండి. నేనైతే పికోకామ్ వాడతాను, పికోకామ్ -బీ 115200 తర్వాత పోర్టు పేరు, ఏ గొడవా ఉండదు. బయటికి రావడానికి కంట్రోల్-ఏ, కంట్రోల్-ఎక్స్.

ఇంకో కారణం, ఎవరో తెలియక కంట్రోల్-ఎస్ కొట్టి ఉంటారు. ఫైల్ సేవ్ చేసే అలవాటు చేతికి అంత తొందరగా పోదు. కంట్రోల్-క్యూ కొడితే ఆగినవన్నీ ఒక్కసారిగా వస్తాయి.

కెర్నల్ మెసేజ్‌లన్నీ వచ్చాయి, లాగిన్ మాత్రం రాలేదు. లేదా లాగిన్ ఒక్కటే వస్తోంది, ముందున్నవి రావడం లేదు.

రెండూ ఒకే కథకు రెండు కొసలు. కెర్నల్ లైన్లో (గ్రబ్ కెర్నల్‌కు అందించే మాటల వరుస) కన్సోల్=టీటీవై0 కన్సోల్=టీటీవైఎస్0,115200ఎన్8 అని రెండూ రాయాలి, టీటీవై0 అంటే మానిటర్, సీరియల్‌ది చివర. చివర రాసినదే /డెవ్/కన్సోల్ అవుతుంది, సిస్టమ్‌డీ (సర్వీసులన్నిటినీ లేపే ప్రోగ్రాం) మాటలు, ఎమర్జెన్సీ షెల్ అక్కడికే వస్తాయి. క్రమం తిరగేస్తే కెర్నల్ మాటలు రెండు చోట్లా కనిపిస్తాయి గానీ, సర్వర్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు అడిగే ప్రశ్న ఎవరూ చూడని మానిటర్ మీదికి వెళ్తుంది. ఇది పొరపాటు అని కూడా తెలియకుండా ఏళ్లు గడుస్తాయి.

ఇప్పుడు ఏముందో చూడాలంటే /ప్రాక్/సీఎండీలైన్, /ప్రాక్/కన్సోల్స్ రెండూ క్యాట్ చేయండి. కెర్నల్ లైన్లో సీరియల్ ఉంటే సిస్టమ్‌డీ తనంతట తానే గెట్టీని లేపుతుంది. లేవకపోతే సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ సీరియల్-గెట్టీ@టీటీవైఎస్0.సర్వీస్.

గ్రబ్ మెనూ సీరియల్ మీద రావాలంటే?

/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_టెర్మినల్ అనే చోట "కన్సోల్ సీరియల్" అనీ, గ్రబ్_సీరియల్_కమాండ్ దగ్గర "సీరియల్ --యూనిట్=0 --స్పీడ్=115200" అనీ రాయండి. ఆ రెండు పేర్లూ పూర్తిగా పెద్ద అక్షరాలు. ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి, రెడ్ హ్యాట్ కుటుంబంలో అయితే గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్. ఇది మర్చిపోయి, రీబూట్ చేసి, ఏమీ మారలేదని తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. క్లౌడ్ ఇమేజ్ నుంచి పెట్టిన ఉబుంటు అయితే డిఫాల్ట్ కింద గ్రబ్.డి ఫోల్డర్లో ఇంకో ఫైల్ కూర్చుని మీరు రాసింది కొట్టేయవచ్చు, అదీ చూడండి.

ప్రతి అక్షరం రెండేసి సార్లు పడుతోందా? బయాస్ కూడా అదే పోర్టులోకి తన కాపీ పంపుతోంది. బయాస్‌లో రీడైరెక్షన్ ఆఫ్టర్ పోస్ట్ అని ఉంటే ఆపేయండి.

టీటీవైఎస్0 అవునో టీటీవైఎస్1 అవునో ఎలా తెలుస్తుంది?

ఎలాగో లోపలికి వెళ్లగలిగితే రూట్‌గా /ప్రాక్/టీటీవై/డ్రైవర్/సీరియల్ చూడండి. యుఆర్ట్: అన్‌నోన్ అని ఉన్న లైన్లు ఊరికే పేర్లు, వాటి వెనక పోర్టు లేదు. ఉన్నవాటికి టీఎక్స్, ఆర్ఎక్స్ అంకెలుంటాయి. ల్యాప్‌టాప్ నుంచి నాలుగు అక్షరాలు కొట్టి మళ్లీ చూస్తే ఏ లైన్లో ఆర్ఎక్స్ పెరిగిందో అదే మీ పోర్టు. పక్కన ఎఫ్ఈ అని పెరుగుతుంటే అక్షరాలు చేరుతున్నాయి గానీ వేగం తప్పు. ఈ ఒక్క ఫైలు నాకు ఎన్ని రాత్రులు మిగిల్చిందో.

కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవడం లేదు. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది, అంతే.

దీనికి నా దగ్గర ఒక కథ ఉంది, కొంచెం పొడుగు. జమ్మికుంట వైపు ఒక మిల్లు, పత్తి సీజన్ మధ్యలో. గుమస్తా ఫోన్ చేశాడు: "అన్నా, లైట్లు ఎలుగుతున్నయి గానీ సిస్టం వస్తలేదు, బయట ఇరవై బండ్లు ఆగినయి." అంతకు వారం ముందు నుంచి ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, వేబ్రిడ్జి తూకం తెర మీద సగం సగం అంకెలతో వస్తోందని. రెండింటికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. కేబుల్ లూజ్ అయి ఉంటుంది, గట్టిగా నొక్కు తమ్మీ అని చెప్పి ఊరుకున్నాను.

వెళ్లి మానిటర్ తగిలించి చూస్తే గ్రబ్ మెనూ. కింద లెక్కపెట్టాల్సిన సెకన్లు లేవు, మెనూ అలా నిలబడి ఉంది. ఎంటర్ కొడితే లేచింది. రీబూట్ చేస్తే మళ్లీ అక్కడే. మూడోసారి చూస్తుండగా గుమస్తా టేబుల్ మీద ఉన్న తూకం ఇండికేటర్‌లో ఎర్ర అంకెలు మారుతున్నాయి, బయట లారీ ఎక్కుతోంది. అప్పుడు వెలిగింది. ఆ ఇండికేటర్ వెనక నుంచి వచ్చే తీగ సర్వర్ మొదటి సీరియల్ పోర్టుకే ఉంది, అది అడిగినా అడగకపోయినా తూకం పంపుతూనే ఉంటుంది. నాకన్నా ముందు చూసిన మనిషెవరో అదే పోర్టును గ్రబ్‌కీ కెర్నల్‌కీ కన్సోల్‌గా ఇచ్చాడు. ఇండికేటర్ 2400 వేగంతో పంపేది గ్రబ్ 115200తో వింటే చెత్త అక్షరమే వస్తుంది, కానీ ఏదో ఒక కీ నొక్కారన్నది చాలు గ్రబ్‌కు, లెక్కపెట్టడం ఆపేస్తుంది. ఇక సర్వర్ లేచాక గెట్టీ అదే పోర్టు మీద కూర్చుని, తూకాన్ని యూజర్ పేరు అనుకుని, వచ్చిన అక్షరాల్లో సగం తాగేస్తోంది. మిగిలిన సగం వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్‌కు.

వేబ్రిడ్జి తీగను యూఎస్‌బీ అడాప్టర్ మీదికి మార్చి, అసలు పోర్టును కన్సోల్‌కే వదిలేశాను. రివర్స్‌లో చేయకండి, గ్రబ్‌కు మామూలుగా యూఎస్‌బీ అడాప్టర్ కనిపించదు. ఒకవేళ పోర్టు పరికరానికే కావాలంటే గ్రబ్, కెర్నల్ లైన్లలో సీరియల్ తీసేసి, ఆ గెట్టీని మాస్క్ చేయండి.

ఏ పరికరమూ లేకుండా, కేవలం పొడుగాటి తీగ గాల్లో వేలాడుతున్నా ఇలా జరగొచ్చు, అది మోటార్ల పక్క నుంచి పోతుంటే చెత్త అక్షరాలు పోగుచేస్తుంది. వాడని తీగను సర్వర్ నుంచి పీకేయండి.

ఎమర్జెన్సీ మోడ్ అని వచ్చి రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది, లేదా రూట్ లాక్ అయి ఉందంటోంది.

ఎక్కువగా ఎఫ్ఎస్‌టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఫైల్) రాసిన బ్యాకప్ డిస్కు దొరకక. సిస్టమ్‌డీ నిమిషం ముప్పై సెకన్లు ఎదురుచూసి, ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. ఉబుంటులో రూట్‌కు పాస్‌వర్డే ఉండదు కాబట్టి ఆ తలుపూ మూసే ఉంటుంది. గ్రబ్‌లో ఈ (ఇంగ్లీషు అక్షరం) నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర ఇనిట్=/బిన్/బ్యాష్ చేర్చి, కంట్రోల్-ఎక్స్ కొట్టండి, సీరియల్ మీద ఎఫ్10 అన్నిసార్లూ పనిచేయదు. షెల్ వచ్చాక మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ / అని కొట్టి ఎఫ్ఎస్‌టాబ్ సరిచేయండి. ఆ డిస్కు లైన్లో నోఫెయిల్ చేర్చితే మళ్లీ ఈ బాధ ఉండదు. ఇక్కడ కూడా కెర్నల్ లైన్ చివర సీరియల్ ఉంటేనే ఆ షెల్ మీ దగ్గరికి వస్తుంది.

కన్సోల్ పెట్టాక బూట్ నెమ్మదైంది, నిజమేనా?

నిజమే. 9600 అంటే సెకనుకు 960 అక్షరాలు, ఒక్కో అక్షరానికి పది బిట్లు పోతాయి. కెర్నల్ 60,000 అక్షరాలు మాట్లాడితే నిమిషం పైనే. 115200 మీద అదే ఐదారు సెకన్లు. ఫైర్‌వాల్ లాగ్‌లు కన్సోల్ మీదికి పోతుంటే నడుస్తున్న సర్వర్ కూడా ముక్కుతుంది.

వీఐ ఎడిటర్ తెరిస్తే లైన్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

సీరియల్ తీగకు మీ విండో ఎంత పెద్దదో తెలియదు, 24 లైన్లు 80 అక్షరాలు అనుకుంటుంది. ఎస్‌టీటీవై రోస్ 50 కాల్స్ 160, మీ లెక్క ప్రకారం మార్చుకోండి. రీసైజ్ కమాండ్ ఉంటే అదే కొలుచుకుంటుంది.

సర్వర్ బిగుసుకుపోయింది, ఏ కీకీ పలకదు. పవర్ లాగేయనా?

ఒక్క ప్రయత్నం ఉంది. సీరియల్ మీద బ్రేక్ అనే సంకేతం పంపి ఐదు సెకన్లలోపు ఒక అక్షరం కొడితే కెర్నల్ నేరుగా వింటుంది. పికోకామ్‌లో కంట్రోల్-ఏ, కంట్రోల్-బ్యాక్‌స్లాష్, మినీకామ్‌లో కంట్రోల్-ఏ తర్వాత ఎఫ్. ముందు ఎస్, మళ్లీ బ్రేక్ పంపి యూ, మళ్లీ బ్రేక్ పంపి బీ. డిస్కుకు రాయాల్సినవి రాసి, రాతలు ఆపి, రీబూట్ అవుతుంది. కెర్నల్.సిస్ఆర్‌క్యూ అనే సెట్టింగుకు ఉబుంటు ఇచ్చే 176 అనే విలువతో ఈ మూడూ నడుస్తాయి.

మా సర్వర్‌కి సీరియల్ పోర్టే లేదు.

ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి చూసుకునే విడి ఏర్పాటు) ఉన్న బోర్డు అయితే నెట్‌వర్క్ మీద నుంచే సీరియల్ వస్తుంది: ఐపీఎంఐటూల్ -ఐ ల్యాన్‌ప్లస్, హోస్ట్, యూజర్ ఇచ్చి చివర సోల్ యాక్టివేట్. ఆ -ఐ పెద్ద అక్షరం. చాలా బోర్డుల్లో అది రెండో పోర్టు, అంటే టీటీవైఎస్1. ఇంకెవరో వాడుతున్నారని అంటే సోల్ డియాక్టివేట్ కొట్టి మళ్లీ రండి. బయటికి రావడానికి టిల్డా, చుక్క. ఎస్ఎస్‌హెచ్ లోపలి నుంచి చేస్తుంటే రెండు టిల్డాలు, చుక్క, లేదంటే ఎస్ఎస్‌హెచ్చే తెగిపోతుంది. ఐపీఎంఐ ఐపీని మాత్రం ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి.

ప్రతిసారీ బండేసుకుని వెళ్లకుండా ఏమైనా చేయొచ్చా?

పక్కన ఒక రాస్ప్‌బెర్రీ పై పెట్టి, యూఎస్‌బీ అడాప్టర్‌తో సర్వర్ కన్సోల్‌కు కలపండి. టీమక్స్‌లో (మనం బయటికి వచ్చినా లోపలిది నడుస్తూ ఉండే టెర్మినల్) పికోకామ్ తెరిచి వదిలేస్తే సర్వర్ చనిపోయే ముందు అన్న చివరి మాట అక్కడ ఉంటుంది. పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 అని రాయకండి, రెండు అడాప్టర్లుంటే రీబూట్‌కొకసారి తారుమారవుతాయి, /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద ఉన్న పేరు వాడండి. రాస్ప్‌బెర్రీ పైకి సర్వర్ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇవ్వకండి, వేరే చార్జర్ ఉండాలి. ఎందుకో చెప్పక్కర్లేదు కదా.

కేబుల్ గుచ్చుతుంటే చేతికి జివ్వుమంటోంది.

ఎర్త్ లేని ప్లగ్గు, రెండు పిన్నుల చార్జర్ కలిస్తే అంతే. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద పని చేయండి, మిల్లు వాళ్లతో ఎర్తింగ్ చూపించమనండి. ఎండాకాలం చివర ఈదురు గాలులతో వాన ఉరిమేటప్పుడు పొడుగు సీరియల్ తీగ ఉన్న పోర్టులు ముందు పోతాయి, ఉరుము వినబడితే పీకేయండి.

పని అయిపోయాక కేబుల్ పీకేస్తే లాగౌట్ అవుతుందా?

అవదు. మూడు తీగల కేబుల్ పీకిన సంగతి సర్వర్‌కు తెలిసే దారి లేదు, మీ రూట్ షెల్ అక్కడే తెరిచి ఉంటుంది. ఎగ్జిట్ కొట్టి, లాగిన్ అని మళ్లీ కనబడ్డాకే పీకండి. మర్చిపోయే అలవాటుంటే టీఎంఔట్=600 పెట్టుకోండి, పది నిమిషాలకు అదే బయటికి తోస్తుంది, ఈ పేరు కూడా పెద్ద అక్షరాలే. ఒక కాలేజీలో కేబుల్ గుచ్చి ఎంటర్ కొట్టగానే పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా రూట్ ప్రాంప్ట్ వచ్చింది. ఎవరా నిర్లక్ష్యం మనిషి అని తిట్టుకుంటూ హిస్టరీ కొట్టి చూశాను, చివరి కమాండ్లో నేను ఎప్పుడూ చేసే స్పెల్లింగ్ తప్పే ఉంది.